పాత లగ్జరీ కారు కొనే ముందు: మగ్గాన్ని చూసినట్టు చూద్దాం

నీలం నగర్‌లో పాత పవర్‌లూమ్ కొనేటప్పుడు మనవాళ్ళెవరూ రంగు చూసి బేరం ఆడరు. జాబర్‌ను వెంట తీసుకెళ్తారు. సైడ్ ఫ్రేమ్‌కు ఎక్కడైనా వెల్డింగ్ పడిందా, షాఫ్ట్ బేరింగులో లూజు ఉందా అని చేత్తో ఊపి చూస్తారు. కాసేపు నడిపించి, చప్పుడు విని, దిగిన బట్ట చూసి, ఆ తర్వాతే ధర మాట్లాడతారు. ఆ మగ్గం ఇంటికి అన్నం పెట్టాలి కాబట్టి అంత జాగ్రత్త.

అదే మనిషి పాత మెర్సిడెస్ ముందు నిలబడితే లెక్క మారిపోతుంది. ముందున్న నక్షత్రం, లోపలి తోలు సీట్లు, తలుపు మూస్తే వచ్చే మెత్తటి చప్పుడు చూసి అరగంటలో బయానా ఇచ్చేస్తాడు. మాకు తెలిసిన ఒక కార్ఖానాదారు కుటుంబం ఇలాగే అమ్మాయి పెళ్ళికి ముందు బయటి ఊరి నుంచి ఒక పెద్ద కారు తెచ్చుకుంది. పెళ్ళి బాగా జరిగింది, కారు ముందు అందరూ ఫోటోలు దిగారు. మూడో నెలలో గేర్‌బాక్స్ కుదుపులు మొదలయ్యాయి. రిపేరు అంచనా కారు కొన్న ధరలో సగం దాటింది. సీజను నూలు కోసం పెట్టుకున్న డబ్బు గేర్‌బాక్స్‌కు పోయింది, నెలన్నర మగ్గాలు ఆగాయి. ఆ కుటుంబం మోసపోయిందని కూడా చెప్పలేం. అడగాల్సినవి అడగలేదు, చూడాల్సినవి చూడలేదు, అంతే.

పెద్ద కారు కొనుక్కోవాలన్న కోరిక తప్పు కాదు. కష్టపడి సంపాదించిన డబ్బుతో ఇంటిల్లిపాదీ హాయిగా తిరగాలనుకోవడం న్యాయమే. ఏమేం చూడాలో ఒక్కచోట ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాం. దాచుకుని, కారు చూడ్డానికి వెళ్ళే రోజు వెంట తీసుకెళ్ళండి.

ధర పడిపోతుంది, ఖర్చు పడిపోదు

కొత్తలో 40, 50 లక్షలు పలికిన సెడాన్ పది పన్నెండేళ్ళు గడిచేసరికి కొత్త చిన్న కారు ధరకే దొరుకుతుంది. కానీ దాని విడిభాగాలు మాత్రం 50 లక్షల కారు విడిభాగాలుగానే ఉంటాయి. మొదటి యజమాని అమ్మేది చాలాసార్లు ఈ కారణంతోనే. వారంటీ అయిపోయింది, పెద్ద ఖర్చు దగ్గరపడింది, అమ్మేశాడు. ఆ ఖర్చు కారుతోపాటే మన ఇంటికి వస్తుంది.

ఈ కార్లు మన దేశంలోనే బిగించినవి కదా, సామాను చవగ్గా దొరుకుతుంది కదా అని కొందరు అంటారు. బిగించడం ఇక్కడే అన్నది నిజమే. మెర్సిడెస్ 1995 నుంచి పుణె దగ్గర, బీఎండబ్ల్యూ 2007 నుంచి చెన్నై దగ్గర, ఆడి, స్కోడా ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) కార్లు బిగిస్తూ వచ్చాయి. కానీ ఇంజిన్, గేర్‌బాక్స్, ఎలక్ట్రానిక్ పెట్టెల వంటి ఖరీదైన భాగాలు చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చినవే. మారుతీ సామాను దొరికినంత సులువుగా అవి పేటలో దొరకవు.

అందుకే మొదటి సూత్రం ఇది. మీ దగ్గర ఉన్న మొత్తం డబ్బుతో కారు కొనకండి. మూడో వంతు పక్కన పెట్టి, మిగిలినదానితో వచ్చే కారునే చూడండి. 9 లక్షలు ఉంటే 6 లక్షల కారు. మిగతా 3 లక్షలు మొదటి రెండేళ్ళ రిపేర్లకు. అవి ఖర్చు కాకపోతే సంతోషం.

ఏ కారుకు ఏ జబ్బు

ప్రతి మోడల్‌కూ పేరుపడిన ఒక బలహీనత ఉంటుంది. మెకానిక్‌కు ముందే చెబితే వెతకడం సులువు.

మెర్సిడెస్ ఇ-క్లాస్‌లో 2002 నుంచి 2009 వరకు వచ్చిన డబ్ల్యూ211 మోడల్ తొలి కార్లలో బ్రేకులు ఎలక్ట్రానిక్ పంపుతో పనిచేస్తాయి. ఆ పంపుకు ఆయుష్షు ఉంది, మార్చాలంటే ఖర్చు బాగా అవుతుంది. 2006లో చేసిన మార్పులతో ఆ పద్ధతి తీసేశారు కాబట్టి ఆ తర్వాతి కారే మేలు. అదే కాలపు వి6 పెట్రోల్ ఇంజిన్లలో, ముఖ్యంగా మొదటి రెండేళ్ళవాటిలో, బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్ళు అరిగే లోపం ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెసర్ పెట్రోల్ ఇంజిన్‌లో టైమింగ్ చైను సాగుతుంది. 2009 తర్వాతి డబ్ల్యూ212లో తొలి ఏళ్ళ 250 సీడీఐ డీజిల్ ఇంజెక్టర్ల గురించి, ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్ గురించి తప్పక అడగాలి. లాక్ మోటారు పాడైతే తాళం తిరగదు, కారు కదలదు.

బీఎండబ్ల్యూ 520డీలో వాడిన ఎన్47 డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చైను వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. చైను ఒక్కటి మార్చాలన్నా చాలా భాగం విప్పాలి. ఇంజిన్ వెనక నుంచి గరగర చప్పుడు వస్తే ఆ కారు వదిలేయండి. అన్ని బీఎండబ్ల్యూలలోనూ ఆయిల్ కారడం, నీళ్ళ పంపు, ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు పగలడం మామూలు.

ఆడి ఎ6 పాత మోడల్‌లో మల్టీట్రానిక్ అనే సీవీటీ గేర్‌బాక్స్ వచ్చేది. అది నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వణుకుతుంటే పెద్ద పని ఉన్నట్టే. 2008 నుంచి 2011 మధ్య వచ్చిన 2.0 పెట్రోల్ టర్బో ఇంజిన్లు ఆయిల్ తాగుతాయి. నెలకు ఎంత ఆయిల్ పోస్తున్నారని యజమానిని అడగండి. స్కోడా సూపర్బ్ 1.8 పెట్రోల్‌లోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీకి కూడా ఇలాంటి పేరే ఉంది.

టొయోటా కామ్రీ, హోండా అకార్డ్ ఇంత ఇబ్బంది పెట్టవు. నక్షత్రం లేకపోయినా పర్వాలేదనుకుంటే వీటినే ముందు చూడండి. కామ్రీ హైబ్రిడ్ అయితే పెద్ద బ్యాటరీని పరీక్షించాకే ధర మాట్లాడండి.

ముందు కాగితాలు, తర్వాత కారు

చాలామంది కారు నచ్చాక కాగితాలు చూస్తారు. అప్పటికి మనసు ఆగదు. కాగితాలు సరిగా ఉంటేనే కారు చూడ్డానికి బయల్దేరండి.

ఆర్‌సీ మీద చూడాల్సినవి నాలుగు. అమ్మేవాడి పేరు, ఎన్నో యజమాని, బ్యాంకు అప్పు ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. 2012 కారు కొంటే 2027లో మళ్ళీ ఆర్టీఓ ముందు నిలబెట్టి, ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజును కారుకు 5 వేల రూపాయలు చేశారు. మహారాష్ట్రలో పర్యావరణ పన్ను దానికి అదనం. ఈ ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

పరివాహన్ వెబ్‌సైట్‌లోనో ఎం-పరివాహన్ యాప్‌లోనో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, అప్పు వివరం కనిపిస్తాయి. పెండింగు ఇ-చలాన్లు కూడా చూడండి. అప్పు తీరిపోయిందని నోటిమాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. 2019 ఏప్రిల్‌కు ముందు కారైతే హై సెక్యూరిటీ నంబరు ప్లేటు బిగించారో లేదో గమనించండి.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూస్తే కారు చరిత్ర కొంత తెలుస్తుంది. 50 శాతం ఉంటే ఆ యజమాని కొన్నేళ్ళుగా క్లెయిమ్ చేయలేదు. సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఆ బోనస్ అమ్మేవాడిది, కారుతోపాటు మనకు రాదు.

ఎంహెచ్-13 అయితే మన ఆర్టీఓదే. హైదరాబాద్‌లోని బంధువుల ద్వారానో, విజయపుర, కలబురగి వైపు నుంచో వచ్చే కారుకు ఆ రాష్ట్రపు ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, కావాలి. మహారాష్ట్ర రోడ్డు పన్ను మళ్ళీ కట్టాలి. ఢిల్లీ కార్లు చవగ్గా ఎందుకు వస్తాయో కూడా తెలుసుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు నడపకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అలా వదిలించుకున్న కార్లు బయటి రాష్ట్రాలకు చేరాయి. ఎన్‌ఓసీ, పన్ను, రవాణా లెక్క వేసి చూస్తే చవక అన్నది చాలావరకు కరిగిపోతుంది.

చివరగా సర్వీసు చరిత్ర. ఛాసీ నంబరు రాసుకుని, కారు యజమాని అనుమతితో కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అక్కడ నమోదై ఉంటుంది. మూడేళ్ళ కిందట 95 వేలు చూపించిన కారు ఇవాళ 70 వేలు చూపిస్తుంటే ఇంకేమీ అడగక్కర్లేదు.

చల్లటి ఇంజిన్ దగ్గర మొదలుపెట్టండి

ఉదయాన్నే వెళ్ళండి. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్ లోపాలు దాచడానికి ముందే నడిపి ఉంచారని అర్థం. మరో రోజు వస్తామని చెప్పండి.

తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటరు చూడండి. చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దీపాలు వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ దీపాన్నే తీసేసి ఉంటారు. ఆరని దీపం కంటే వెలగని దీపం ప్రమాదం.

స్టార్ట్ అయిన మొదటి పది సెకన్లు ఎవరూ మాట్లాడకండి. టైమింగ్ చైను గొడవ అప్పుడే వినిపిస్తుంది. కార్ఖానాలో వంద చప్పుళ్ళ మధ్య ఏ మగ్గం తేడాగా కొడుతోందో పట్టే చెవి మనది. ఇక్కడా దాన్నే వాడాలి. వెనక ఒకరు నిలబడి పొగ చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ, తియ్యటి వాసన ఉంటే కూలెంట్ ఇంజిన్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత విప్పితే మీగడ రంగు జిగురు కనిపిస్తే అనుమానించాలి. కూలెంట్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. లోపల ఎర్రని తుప్పు నీళ్ళు ఉంటే ఎవరో బోరు నీళ్ళు పోసి నడిపారు. మన ఉప్పు నీళ్ళు రేడియేటర్‌కు ఏం చేస్తాయో ఇంట్లో గీజరును చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

రెండు రోజుల ముందు ఇంజిన్ మొత్తం కడిగించి మెరిపించి ఉంటే సంతోషపడకండి. ఆయిల్ ఎక్కడ కారుతుందో కనబడకుండా చేశారేమోనని అరగంట నడిపాక మళ్ళీ కింద చూడండి.

బాడీ, నీళ్ళలో మునిగిన కారు

ఎండలో, పొడి కారునే చూడండి. తడి మీద ప్రతి కారూ మెరుస్తుంది. తలుపులకూ బానెట్‌కూ మధ్య సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయా, ముందు ఫెండరు బోల్టుల మీద పానా గీతలు ఉన్నాయా గమనించండి. రంగు మందం కొలిచే చిన్న మీటరు మంచి డెంటర్ల దగ్గర ఉంటుంది. అద్దాల మూలల్లో తయారైన ఏడాది గుర్తు ఉంటుంది. అన్నీ ఒకటే అయి, ఒక్కటి వేరైతే ఆ వైపు ఏం జరిగిందని అడగండి. టైరు మీద నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటిన టైర్లుంటే కొత్త సెట్టు ధర తగ్గించుకోండి. చాలా బీఎండబ్ల్యూలకు రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి, స్టెపినీ ఉండదు. ఆ టైరు ధర ముందే కనుక్కోండి.

వరద కారు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2019 ఆగస్టులో సాంగ్లి, కొల్హాపూర్ మునిగాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. అలా మునిగిన కార్లు కడిగి, ఆరబెట్టి, ఊరు దాటించి అమ్ముతారు. పాత లగ్జరీ కార్లలో చాలా ఎలక్ట్రానిక్ పెట్టెలు సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి కాబట్టి ఒకసారి మునిగిన కారు జీవితాంతం సతాయిస్తుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల మీద తుప్పు, స్టెపినీ గుంతలో ఒండ్రు, మూసిన కారులో మగ్గిన వాసన, దాన్ని కప్పడానికి కొట్టిన అత్తరు ఇవన్నీ గుర్తులే. సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు మూసుకుపోయి కూడా లోపలికి నీళ్ళు దిగుతాయి. పైకప్పు గుడ్డ మీద మరకలు చూడండి.

నడిపి చూడడం

పేట వీధిలో ఒక చుట్టు చాలదు. కనీసం 40 నిమిషాలు నడపాలి. సగం అశోక్ చౌక్ వంటి రద్దీలో, సగం హైదరాబాద్ హైవే మీద. అమ్మేవాడు పాటలు పెడితే ఆపేయండి.

నిలబడి ఉన్నప్పుడు డి, ఆర్ మారుస్తూ చూడండి. గేరు పడటానికి సెకను కన్నా ఎక్కువ పట్టినా, దబ్బున తగిలినా గేర్‌బాక్స్ అరిగింది. రద్దీలో మెల్లగా వెళ్తుంటే వణుకు ఉండకూడదు. ఇంజిన్ బాగా వేడెక్కాక అదే పరీక్ష మళ్ళీ చేయండి. చాలా గేర్‌బాక్స్‌లు చల్లగా ఉన్నప్పుడు మంచిపిల్లలే. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగండి. జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా అంటే ఆ కారులో ఎప్పుడూ మార్చలేదని అర్థం.

హైవే మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే కారు నేరుగా పోవాలి. బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణక్కూడదు. స్పీడ్ బ్రేకర్లు మెల్లగా దాటుతూ కింద టకటక ఉందేమో వినండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే రాత్రంతా నిలిపి పొద్దున చూడాలి. ఒక మూల కుంగి ఉంటే గాలి పోతోంది, ఆ బిల్లు చిన్నది కాదు.

మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మామూలు. కాబట్టి ఏసీ మధ్యాహ్నం పరీక్షించండి. ఇంజిన్ నడుస్తూ కారు పదిహేను నిమిషాలు నిలబెట్టి, వేడి ముల్లు పైకి పోతోందా చూడండి. కార్ఖానాల మధ్య తిరిగే కార్లకు రేడియేటర్ ముందు నూలు దూది పేరుకుంటుంది. దాన్ని తీసి చూసినవాళ్ళు తక్కువ.

స్విచ్‌లన్నీ ఒకటొకటి నొక్కండి. నాలుగు అద్దాలు, సీటు మోటార్లు, వెనక ఏసీ, కెమెరా, అన్నీ. రెండు తాళాలు ఉన్నాయా అడగండి. ఒక్కటే ఉంటే రెండోదాని ఖర్చు మీది.

చివరికి ఓబీడీ స్కానర్ పెట్టించండి. ఆ బ్రాండుకు తగిన స్కానర్ కావాలి. లోపాల కోడ్లన్నీ అప్పుడే తుడిచేసి ఉంటే అది కూడా స్కానర్ చెబుతుంది. కార్లు చూడ్డానికి డబ్బు తీసుకునే, ఈ బ్రాండు పని తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు. జాబర్ మనవాడై ఉండాలి కదా, ఇదీ అంతే.

మన ఊరి లెక్క

కంపెనీ షోరూములు ఎక్కువగా ఉన్నది పుణెలో. అంటే సుమారు 250 కిలోమీటర్లు. హైదరాబాద్ ఇంకా దూరం. కారు ఆగిపోతే ట్రక్కు మీద తీసుకెళ్ళే ఖర్చు, అక్కడ రెండు రోజులు ఉండే ఖర్చు లెక్కలో వేయండి. కొనే ముందే ఊళ్ళో ఈ బ్రాండు చేసే మెకానిక్ ఉన్నాడా, ఎవరి కార్లు చేశాడు అని వెతకండి.

ఇంటి ముందు నిలబెట్టే చోటు ఉందా? సన్నని వీధిలో అంత పొడవు కారు రోజూ తిప్పగలరా? ఎండలో నిలిపితే రబ్బరు, తోలు పగులుతాయి. నెలకు రెండుసార్లు మాత్రమే బయటికి తీస్తే బ్యాటరీ పడుకుంటుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్ల రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. పెట్రోల్ గొట్టాలు ఎలా ఉన్నాయో, పెట్రోల్ వాసన వస్తోందా అని తప్పక చూపించండి.

బేరం కుదిరాక

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఫారం 29, ఫారం 30 సంతకాలు, అమ్మేవాడి గుర్తింపు కాగితాలు, తేదీతోపాటు సమయం కూడా రాసిన డెలివరీ కాగితం తీసుకోండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మన పేరు మీదికి మార్పించుకోవాలి. ఆ పని బద్ధకించి ప్రమాదం జరిగితే మన కారు నష్టానికి క్లెయిమ్ రాకపోవచ్చు. మీ పాత కారు అమ్ముతున్నా ఇదే జాగ్రత్త. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆర్‌సీ మీద ఎవరి పేరుంటే ప్రమాద బాధ్యత వాళ్ళదే.

బేరగాడి దగ్గర కొంటుంటే ఆర్టీఓ గుర్తింపు పత్రం అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లకు అది తప్పనిసరి.

కారు ఇంటికి రాగానే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు అన్నీ ఒకేసారి మార్పించండి. ఆ రోజు నుంచి మీ లెక్క మొదలు. ఏ తేదీన ఏం చేయించారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ పుస్తకానికే ధర వస్తుంది.

వెనక్కి తిరిగి రావడం నేర్చుకోవాలి

బానెట్ వేడిగా ఉంది, కిలోమీటర్లు కలవడం లేదు, మన మెకానిక్‌ను రానివ్వడం లేదు, బ్యాంకు ఎన్‌ఓసీ వచ్చే వారం ఇస్తానంటున్నాడు, ఇవాళే తేల్చకపోతే వేరేవాళ్ళు తీసుకెళ్తారని తొందరపెడుతున్నాడు. వీటిలో ఒక్కటి ఎదురైనా నమస్కారం పెట్టి వచ్చేయండి. పెట్రోల్ ఖర్చు, ఒక రోజు పోయాయి, అంతే. పాత కార్లకు కరువు లేదు.

మనం మొదట చెప్పిన కుటుంబం ఆ కారును చివరికి అమ్మేసింది. కొన్నవాళ్ళకు గేర్‌బాక్స్ బిల్లు, పాత లోపం, అన్నీ చూపించి అమ్మింది. తర్వాత ఒక పాత కామ్రీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంటి పెద్దాయన ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. అప్పుడే తాళం అడిగారు.